నాలుగోవాడి ముఖం చూడు

అల్లుడూ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, వాడు శని, ఆదివారాలు గదిలో పొయ్యే వెలిగించడం లేదట. మాదాపూర్లో ఏ హోటల్ కొత్తగా తెరిచినా వీళ్ల బృందం అక్కడే ఉంటుందట. నువ్వయినా నాలుగు మాటలు చెప్పు" అని వాపోయింది. చెప్తానన్నాను. అయితే అది చెప్పమన్న మాటలు కావు ఇవి. బయట తినడం మానెయ్యమని నేననను. ఇరవై నాలుగేళ్ల వయసులో, ఎవరూ లేని ఊళ్లో, వారమంతా కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి శనివారం సాయంత్రం నలుగురితో కలిసి తినే ముద్ద ఎంత బలమిస్తుందో నాకు తెలుసు.

నేనూ ఆ ఊళ్లో గది అద్దెకు తీసుకుని బతికినవాణ్ణే. 1983లో బ్యాంకు ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరినప్పుడు చిక్కడపల్లిలో ఒక్క గదిలో నలుగురం ఉండేవాళ్లం. రెండు పూటలా మెస్సు భోజనం, సాయంత్రం ఇరానీ హోటల్. అక్కడ డికాషన్ ఒక గిన్నెలో, పాలు ఇంకో గిన్నెలో సన్నటి సెగ మీద గంటల తరబడి కాగుతుంటాయి. అడిగాకే రెండూ కప్పులో కలుస్తాయి. ఆ చిక్కదనం ఇంటి టీకి రాదు. నెలాఖరైతే వన్ బై టూ చెప్పేవాళ్లం. బేరర్ వచ్చి అడక్కుండానే ఒక ప్లేటు నిండా బిస్కెట్లు, సమోసాలు పెట్టి వెళ్లేవాడు. ఎన్ని తింటే అన్నింటికే లెక్క. ఒక్క కప్పుతో గంటన్నర కూర్చున్నా లేవమన్నవాడు లేడు. జేబులో రూపాయి ఉన్నవాడికీ, పది ఉన్నవాడికీ అదే బల్ల, అదే కుర్చీ. ఆ హోటళ్లను నేను ఇప్పటికీ తలుచుకునేది అందుకే.

అసలు చెప్పదలచుకున్నది వేరే రాత్రి గురించి. మాలో ఒకడికి ప్రమోషన్ వచ్చింది. ఆబిడ్స్ వైపు బార్ ఉన్న పెద్ద హోటలుకు వెళ్లాం. ముగ్గురం తాగాం, మళ్లీ మళ్లీ తెప్పించుకున్నాం, చికెన్ అన్నాం, చేప అన్నాం. నాలుగోవాడు నల్గొండ జిల్లా నుంచి వచ్చినవాడు, మందు ముట్టడు. రెండు రొట్టెలు, ఒక పప్పు తిన్నాడు. బిల్లు వచ్చింది. ఎవరు ఎంత తిన్నారని లెక్కలేసుకోవడం నామోషీ అనుకుని నాలుగు సమాన భాగాలు చేశాం. వాడు మారుమాట లేకుండా తన వాటా తీసి ప్లేటులో పెట్టాడు. ఆ నెల మిగిలిన రోజులన్నీ రాత్రిపూట వాడు మెస్సుకు రాలేదు. ఒంట్లో బాగాలేదని, ఆకలి లేదని ఏదో ఒకటి చెప్పేవాడు. ఒకటో తారీఖున జీతంలో సగానికి పైగా తల్లికి మనియార్డర్ చేసేవాడనీ, ఆ పన్నెండు రోజులూ రెండేసి అరటిపళ్లతో పడుకున్నాడనీ వాడికి బదిలీ అయ్యాక గదిలో ఇంకొకడు చెబితే తెలిసింది. నలభై ఏళ్లు దాటాయి. ఇప్పటికీ ఆ బల్ల గుర్తొస్తే నాకు తిన్నది అరగదు.

నీ బృందంలోనూ అలాంటివాడు తప్పకుండా ఉంటాడు. చెల్లెలి ఫీజు కడుతున్నవాడో, చదువు కోసం చేసిన అప్పుకు నెలనెలా వాయిదా కడుతున్నవాడో, ఇంకా ఉద్యోగం పర్మినెంటు కానివాడో. వాడు నోరు తెరిచి "నాకు కుదరదు" అనలేడు. కాబట్టి ఆ మాట నువ్వే అను. ఎక్కడికి వెళ్దామని గ్రూపులో చర్చ మొదలవగానే "ఈసారి మనిషికి ఐదొందలు దాటకుండా చూద్దాం" అని ముందే వేసెయ్. నీ జీతం ఎంతో అందరికీ తెలుసు గనక అది నీ నోట వస్తే మామూలు మాట. వాడి నోట వస్తే పరువు మాట. తాగినవాళ్ల లెక్క తాగినవాళ్ల మధ్య, తిండి లెక్క అందరి మధ్య. కూర్చోకముందే అలా అనుకుంటే చివర ఎవరి మొహమూ చిన్నబోదు. ఇప్పుడు ఫోన్లోనే వాటాలు పంచుకుంటున్నారు కదా, రెండు లెక్కలు వెయ్యడానికి రెండు నిమిషాలు చాలు.

బిల్లు చేతికొస్తే చదువు. చదవడం పిసినారితనం కాదు. మామూలు రెస్టారెంటులో తిండి మీద జీఎస్టీ 5 శాతం. మందు జీఎస్టీ కిందికి రాదు, దాని పన్ను రాష్ట్రానిది, అందుకే అది వేరే వరుసలో కనబడుతుంది. సర్వీస్ చార్జీ అని కొందరు కలుపుతారు. అది తప్పనిసరి కాదు. బిల్లులో దానంతటదే వేయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసెయ్యమని మెల్లగా, నవ్వుతూ అడుగు. కానీ నాన్నా, అలా తీయించిన డబ్బు జేబులో వేసుకోవద్దు. నీకు వడ్డించిన కుర్రాడి చేతిలో పెట్టు. ఒడిశా నుంచో, బెంగాల్ నుంచో, అస్సాం నుంచో వచ్చి రాత్రి పన్నెండు దాకా నిలబడే ఉంటాడు వాడు. వాణ్ణి చిటికేసి పిలవకు. షర్టు మీద పేరుంటే ఆ పేరు పెట్టి పిలువు.

ఇక మందు సంగతి. తెలంగాణలో 21 నిండితే చట్టం వద్దనదు, నేను వద్దంటే నువ్వు నాకు చెప్పకుండా తాగుతావు. అందుకని తెలిసి తాగమంటాను. అరవై మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు విస్కీలో ఇంచుమించు ఇరవై గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాములకు మించి కరిగించలేదు. అంటే ఒక్క పెగ్గు దిగడానికే రెండు మూడు గంటలు. బ్లాక్ కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. "బీరే కదా" అంటారు మీ వయసువాళ్లు. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒక్కటి దగ్గర దగ్గర రెండు పెద్ద పెగ్గులతో సమానం. ముందు కడుపులో ఏదైనా పడాలి, మధ్యలో నీళ్లు తాగాలి. హ్యాపీ అవర్స్ అయిపోతున్నాయని ఎప్పుడూ తొందరపడకు.

తాగనివాణ్ణి ఎందుకు తాగవని అడగవద్దు. ఒక్కసారి కూడా. మాల వేసుకున్నాడేమో, మందులు వాడుతున్నాడేమో. వాళ్ల నాన్న తాగి ఇల్లు ఎలా గుల్ల చేశాడో ఆ పిల్లవాడు పల్లీల ప్లేటు ముందు మీకందరికీ వినిపించాలా? వాడికేం కావాలో అడిగి, అదే ముందు తెప్పించు. శాకాహారి విషయంలోనూ అంతే. "వెజ్ బిర్యానీ ఉందిగా" అని ప్రతిసారీ తోసెయ్యకండి. ఒక వారం వాడికి నచ్చిన దోసెల హోటలుకే అందరూ వెళ్లండి. బిర్యానీకి వెళ్లేటప్పుడు రాత్రి పొద్దుపోయాక కాకుండా మధ్యాహ్నం, దమ్ము తీసిన వేళకు వెళ్లండి. పచ్చి మాంసం, సగం ఉడికిన బియ్యం ఒకే గిన్నెలో కలిసి ఉడికే కచ్చి బిర్యానీకి ఆ మొదటి ఆవిరిలో ఉన్న వాసన తర్వాత ఉండదు. అక్కడ ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది, మనిషికొకటి చెప్పి సగం వదిలేసి రావద్దు. రంజాన్ నెలలో ఒక సాయంత్రం చార్మినార్ దాకా వెళ్లి నిలబడి హలీం తినండి. హైదరాబాదీ హలీంకు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ గోధుమలు, మాంసం కలిపి గంటల తరబడి కర్రలతో చితగ్గొట్టేవాళ్ల చేతులు చూస్తే ఆ గుర్తింపు ఎవరిదో తెలుస్తుంది.

ఇంటికి చేరే దారి గురించి మాత్రం బతిమాలుతున్నాను. తాగే సాయంత్రం బైకు గది దగ్గరే ఉండాలి. నూరు మిల్లీలీటర్ల రక్తంలో ముప్ఫై మిల్లీగ్రాములు దాటితే నేరమే, మొదటిసారికే పదివేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు. పోలీసులు ఊదమంటారన్న భయంతో కాదు నేను చెప్పేది. రాత్రి పదకొండు దాటాక నీ నంబరు మోగితే మీ అమ్మ చెయ్యి ఎలా వణుకుతుందో నేను పక్కనే ఉండి చూశాను. ఆడపిల్లలు మీతో ఉంటే క్యాబ్ ఎక్కించి, బండి నంబరు చూసుకుని, వాళ్లు ఇల్లు చేరామని చెప్పేదాకా ఫోన్ చేతిలో పెట్టుకుని ఉండు. వాళ్లకు నీ సాయం అక్కరలేదన్నా సరే, ఆ ఒక్క మెసేజ్ వచ్చేదాకా పడుకోకు. అందరికన్నా ఎక్కువ తాగినవాణ్ణి ఒంటరిగా క్యాబ్‌లో తోసి చేతులు దులుపుకోవద్దు, ఎవరో ఒకరు వాడి గది దాకా వెళ్లాలి.

దసరా తర్వాత నేను హైదరాబాదు వస్తున్నాను. చిక్కడపల్లి గదిలో నాలుగోవాడు రిటైరై ఇప్పుడు వనస్థలిపురంలో ఉంటున్నాడు. అరటిపళ్ల సంగతి నాకు తెలుసని వాడికి ఇంతవరకూ చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వస్తాం, నీ స్నేహితుల్ని కూడా పిలువు. వాడికి మోకాళ్ల నొప్పులు, మెట్లు లేని హోటల్ చూడు. చీకటి దీపాలున్న చోట మెనూ కనబడదు, కాస్త వెలుతురున్నది చూడు. రొట్టెలు మెత్తగా చేసేచోటైతే మరీ మంచిది. అందరూ కూర్చున్నాక మెనూ ముందు వాడి చేతికివ్వు.

ఆ రోజు బిల్లు నేనిస్తాను. నువ్వు చెయ్యి పెట్టకు.

నీ మావయ్య