రోగము ప్రారబ్ధమైనచో ఔషధమెందులకు?

శ్రీవిష్ణుసహస్రనామములలో "వైద్యః" అను నామమొకటి గలదు. మఱియొకచోట "భేషజమ్", "భిషక్" అను నామములు ప్రక్కప్రక్కనే వచ్చుచున్నవి. భేషజమనగా మందు, భిషక్కనగా వైద్యుడు. సంసారరోగమునకు భగవానుడే వైద్యుడు, ఆయనయే మందు అని పెద్దలు వివరించిరి. ఆ యర్థము ముఖ్యమే. కాని యీ నామములను నిత్యము పారాయణము చేయు నోటితోనే "ఇది ప్రారబ్ధము, మందులతో తీరునా?" అనువారిని గూడ చూచుచున్నాము. పడిసెము పట్టినపుడు ఎవ్వరును ఈ మాట అనరు. క్షయవంటి పెద్దరోగము బయటపడినపుడే అందురు. కావున ఆ రోగమునే ముందుంచుకొని విచారింతము.

క్షయకు ఆయుర్వేదమున రాజయక్ష్మయని పేరు. దక్షుడు కోపించుటచే చంద్రునకు ఈ వ్యాధి సంక్రమించెనను కథ అందఱెఱిగినదే. లోకము శాపమును మాత్రము జ్ఞాపకముంచుకొని తక్కినది మఱచినది. చరకసంహితలోని చికిత్సాస్థానమున ఆ కథ యింకను నడచును. పశ్చాత్తప్తుడైన చంద్రుని చిత్తశుద్ధి నెఱిగి ప్రజాపతి ప్రసన్నుడయ్యెను. అటుపిమ్మట అశ్వినీదేవతలు చికిత్స చేసిరి. అనుగ్రహము లభించిన తరువాత గూడ చికిత్స జరిగినదనుటను గమనింపవలెను. అనుగ్రహమునకును ఔషధమునకును వైరమున్నదని ఆ గ్రంథకర్తకు తోచలేదు.

ఆ సంహితయందే విమానస్థానము మూడవ అధ్యాయమున అగ్నివేశుడు గురువగు ఆత్రేయుని, ఆయుర్దాయము ముందే నిర్ణయింపబడినదా యని ప్రశ్నించును. దైవము, పురుషకారము రెండును కలసియే ఆయువును నిర్ణయించుననియు, దుర్బలమైన దైవమును బలమైన ప్రయత్నము జయించుననియు సమాధానము. బండియిరుసు సరిగా వాడినచో తన కాలము వఱకు నడచును. అధికభారము వేసి గోతులలో త్రోలినచో నడుమనే విఱుగును. అంతటితో ఆగక, ఆయువు పూర్తిగా నియతమేయైనచో మందులే కాదు, మంత్రములును హోమములును బలులును గూడ వ్యర్థమే యగునని ఆ మహర్షి చెప్పినాడు. ప్రారబ్ధమని మాత్రలు మాని మ్రొక్కుబడులు మాత్రము కట్టువారు ఈ యుక్తిని ఒకపరి ఆలోచింపవలెను. ప్రారబ్ధము కదలనిదైనచో ముడుపెందులకు? కదలునదైనచో మందు చేసిన పాపమేమి?

ఇక నేటి వైద్యుల మాట. రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, కఫమున రక్తపు జీర కనబడుట - వీనిలో ఏది కనబడినను కఫపరీక్షయు, ఛాతీ ఎక్స్-రేయు చేయింపవలెనందురు. 1882లో రాబర్ట్ కాక్ ఈ వ్యాధిని కలిగించు సూక్ష్మజీవిని లోకమునకు చూపెను. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడువఱకు దానిని నేరుగా చంపగల నమ్మదగిన మందు లేదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమువంటి చోట్ల మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే ప్రధానచికిత్స. ఇంటనే యుండి మందులు సేవించినవారును శానటోరియమునందున్నవారితో సమానముగనే కోలుకొనిరని మద్రాసున జరిగిన పరిశోధన 1959లో వెల్లడించినది. నేడు సామాన్యమైన క్షయకు ఆఱుమాసముల చికిత్స: మొదటి రెండు మాసములు నాలుగు మందులు, తరువాత నాలుగు మాసములు మూడు. ప్రభుత్వమే వీనిని ఉచితముగ నిచ్చుచున్నది. అందొక మందువలన మూత్రము నారింజరంగు దాల్చును. దానిని చూచి భయపడి మానివేయువారున్నారు. అది మందు రంగే గాని రక్తము కాదు.

చిక్కెక్కడనగా, కొన్ని వారములకే దగ్గు తగ్గి ఆకలి పుట్టును. సూక్ష్మజీవులు మాత్రము లోపల కొన్ని మిగిలియే యుండును. అప్పుడు మందు మానినచో మిగిలినవి ఆ మందులకు లొంగని రూపమున విజృంభింపవచ్చును. మా యెఱుకలోని ఒక కుటుంబమున కోడలికి ఈ జబ్బు కలుగగా ఇరుగుపొరుగునకు "నెమ్ము" అని చెప్పిరి. అంతవఱకు పోనిండు, ఆమెకును అట్లే చెప్పిరి. దగ్గు తగ్గినది, నెమ్ము పోయినదని ఆమె మాత్రలు మానినది. అత్తగారు మ్రొక్కు ఫలించినదని సంతోషించినది. మఱుసటి యేడు జబ్బు తిరుగబెట్టుటయే గాక ఇంటిలోని పిల్లవానికి గూడ సోకినది. రోగము పేరు దాచుట దయయని వారనుకొనిరి. ఆఱుమాసములు తానే ఓర్చి మింగవలసిన మనిషికి దేనికై మింగుచున్నదో తెలుపకుండుట దయయని నేనంగీకరింపజాలను.

శరణాగతుడు దేహమును గూర్చి చింతింపరాదు గదా, కూరత్తాళ్వానులు నేత్రములు పోయినను తమకై చూపు కోరలేదు గదా యని కొందఱు వైష్ణవులందురు. బలమైన ఆక్షేపమే. గురుపరంపరా కథనము ప్రకారము, శ్రీరామానుజులు ఆజ్ఞాపింపగా ఆ మహనీయులు కంచి వరదుని స్తుతించి, తమ నేత్రనాశమునకు కారకుడైన నాలూరానునకు సద్గతిని వేడుకొనిరి. త్యజించినది తమ లాభమును. ఇతరుని మేలును గాదు. మఱి కఫముద్వారా గాలిలో వ్యాపించు రోగమున "నా దేహము, నా ప్రారబ్ధము" అను మాటకు తావెక్కడ? ప్రక్కన పరుండు బిడ్డ ఊపిరి నాది కాదు. వైరాగ్యము తనకు తాను విధించుకొనునది. కోడలిపైనను పసివానిపైనను విధించునది వేఱొకటి, దానికి వైరాగ్యమని పేరు లేదు.

పూర్వులకు ఈ సందేహము లేనట్లే కనబడును. కాంచీపురమునకు సమీపమున, పాలారు తీరమునందలి తిరుముక్కూడల్ వేంకటేశ పెరుమాళ్ కోవెలలో 11వ శతాబ్దమునాటి వీరరాజేంద్రచోళుని శాసనము గలదు. అందు పదునైదు పడకల ఆతురశాలకు వైద్యుని, శస్త్రవైద్యుని, పరిచారకులను నియమించి, నిలువయుంచవలసిన మందులను పేర్కొనిరి. ఉత్సవములు జరుగు ప్రాకారముననే మందు నూఱిరన్నమాట.

మ్రొక్కును మానుమని నేననుట లేదు. కొండకు నడచుటకు ముందు వైద్యుని అనుమతి గైకొని, మాత్రలను వెంట తెచ్చుకొనవలెను. ఏకాదశినాడు మందు పుచ్చుకొనవచ్చునా యని గృహిణులు తఱచుగా అడుగుచుందురు. వ్రతమునకు భంగము కలిగింపనివి ఎనిమిదింటిని మహాభారతము ఉద్యోగపర్వమున లెక్కించినది. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట తరువాత ఎనిమిదవది ఔషధము.