దర్శన హక్కు – రక్షణ ధర్మం: లాస్కో గుహాచిత్రాలు

ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ 1940లో నలుగురు యువకుల కంటబడింది. సుమారు 17,000 ఏళ్లనాటి ఎద్దులు, గుర్రాలు, జింకల చిత్రాలను చూడడానికి 1948 నుంచి సందర్శకులను అనుమతించారు. వారి ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు, తేమ, లోపలి దీపాల వెలుగు కలిసి గోడలపై పచ్చని నాచుకూ తెల్లని సున్నపు పొరకూ కారణమయ్యాయి. 1963లో ప్రభుత్వం సందర్శనను నిలిపివేసింది.

ఇందులో దోషి ఎవరు? చిత్రాన్ని తాకకుండా శ్రద్ధతో నిలిచిన సందర్శకుడు చేసింది ఊపిరి పీల్చి విడవడమే. ఒక్కొక్కరి వల్ల కలిగిన హాని లెక్కకు రానిది. అందరి వల్ల కలిగినది పూడ్చరానిది. హాని తెలియనంతవరకు అతడు నిర్దోషి. తెలిసిన తరువాత దర్శనకాంక్ష బాధ్యతకు లోబడక తప్పదు.

ఎవరూ చూడని చిత్రానికి విలువేమిటనే ఆక్షేపణ ఉంది. 1994లో వెలుగుచూసిన షోవే గుహ ఇక్కడ పరిశీలించదగినది. బండలు కూలి ద్వారం మూసుకుపోగా, 20,000 ఏళ్లకు పైగా ఎవరి కంటా పడకపోవడమే ఆ చిత్రాలను కాపాడింది. ఆ గుహను ప్రజలకు తెరవలేదు. 2015లో సమీపాన దాని ప్రతిరూపాన్ని ప్రారంభించారు. ప్రతిరూపం మూలానికి సాటిరాదు. ఆ వెలితి నిజమైనదే.

భావితరాలకూ ఇదే నిషేధమైతే ఈ త్యాగం ఎవరికోసం? హాని చేయకుండా చూసే మార్గం వారికి దొరకవచ్చు. చెరిగిపోయిన చిత్రం విషయంలో ఆ అవకాశమే మిగలదు. ఆ అవకాశాన్ని నిలిపి ఉంచడమే ఈ తరం ధర్మం.