తుప్పు మీద రంగు

కొత్త కారు మీద మొదటి గీత పడ్డ రోజున ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. రెండో గీతకి గొణుక్కుని ఊరుకుంటారు. పదో గీత ఎప్పుడు పడిందో ఎవరికీ గుర్తుండదు. మనిషి మనసు ఇంత తొందరగా రాటుదేలుతుందన్న సంగతి నాకు కారు వచ్చాకే తెలిసింది.

కారు నాది కాదు లెండి, మా అబ్బాయిది. వాడు దుబాయిలో ఉంటాడు. వాడి కారు వేములవాడలో మా వాకిట్లో ఉంటుంది. 2022లో సెలవు మీద వచ్చి కొన్నాడు. రాజన్న సన్నిధిలో పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లాడు. పెడుతూ ఒక మాట తీసుకున్నాడు.

"బాపూ, పొద్దుగూకినంక నువ్వు నడపకు. పక్కింటి పోరణ్ణి పిలుసుకో."

సరేనన్నాను. ఆ సరే ఏమైందో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ.

మొన్నటి చలికాలంలో ఒక సాయంత్రం నేనూ మా ఆవిడా కరీంనగర్ నుంచి తిరిగి వస్తున్నాం. పక్కింటి అబ్బాయి ఊళ్లో లేడు. ఎంత దూరం గనక, ముప్పై పైచిలుకు కిలోమీటర్లే కదా అనుకున్నాను. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు క్వారీలూ, కంకర మిల్లులూ ఎన్నో మీకు తెలుసు. నా ముందు ఒక కంకర టిప్పరు పోతోంది. చాలా దూరంలో ఉందనుకున్నాను. మసక వెలుతురులో అది నా ముక్కు ముందే ఉంది. టపటపమని రాళ్లు ఎగిరొచ్చి తగిలాయి. ఇంటికొచ్చి టార్చిలైటు వేసి చూస్తే బానెట్ అంచున మూడు చోట్ల రంగు లేచిపోయింది. ఒకటి అగ్గిపుల్ల తలంత, రెండు నువ్వు గింజలంత.

మా ఆవిడ చూసి, "కోడలు గోళ్ల రంగు ఉన్నది, పెట్టనా?" అంది. ఆ రంగు గులాబీ. కారు వెండి రంగు. వద్దన్నాను.

వెంటనే పెట్టించేద్దామనుకున్నానే గాని ధైర్యం చాలలేదు. పదిరోజులు అటూ ఇటూ చేసి పెయింటర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గోటితో గీకి చూశాడు. "గింత దానికి బానెట్ మొత్తం కొట్టుడెందుకు సారూ? సీసా తెచ్చుకొని ఇంట్లనే పెట్టుకోండ్రి. కని జంగు గీకకుంట రంగు పెట్టకుండ్రి, లోపట తింటది" అన్నాడు.

సీసా కొనడానికి ముందు రంగు నంబరు కావాలి. డ్రైవరు తలుపు తెరిస్తే కనబడే స్తంభం మీదో, బానెట్ కిందో ఒక చిన్న పట్టీ ఉంటుంది. నంబరు దాని మీదే రాసి ఉంటుంది. వెండి రంగుల్లోనే రకరకాలు ఉంటాయి గనక నంబరు లేకుండా వెళ్తే మనం తెచ్చుకునేది వేరే కారు రంగు.

ఇక పని. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. పాత పాలిషు జిడ్డు పోయేలా స్పిరిటు గుడ్డతో తుడవాలి. సూది మొనతో, చిన్న ఉప్పుకాగితం ముక్కతో మెరిసే ఇనుము కనబడేదాకా తుప్పు గీకాలి. అప్పుడు ప్రైమర్ చుక్క. ఆరాక పళ్లు కుట్టుకునే పుల్ల కొసతో రంగు పెట్టాలి. ఒకేసారి దట్టంగా కాదు, పలచగా రెండు మూడు సార్లు, ప్రతిసారీ ఆరనిచ్చి. ఆ పైన పారదర్శకంగా ఉండే వార్నిషు. నాలుగు రోజులాగి 2000 నంబరు వాటర్ పేపరుతో తడిగా రుద్ది, పాలిషు పెడితే సరి. మండుటెండలో గాని, వాన ముసురులో గాని ఈ పని చేయకూడదు.

కారు ఒంటి మీద ప్రైమర్లూ, రంగూ, వార్నిషూ అన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతు, ఆపైన కాస్త. తలవెంట్రుకలు ఒకటో రెండో ఒకదాని మీద ఒకటి పెట్టినంత. అంత పలచటి తెర ఇనుముని తేమ నుంచీ గాలి నుంచీ కాపాడుతోంది! అది లేచిన చోట ఇనుము తేమనీ ప్రాణవాయువునీ పట్టుకుని తుప్పవుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనక పక్కనున్న రంగుని కూడా పొంగించి లేపుతుంది. పెయింటర్ "లోపట తింటది" అన్నది ఇదే.

మూడు చుక్కలూ పెట్టి దూరంగా నిలబడి చూసుకున్నాను. కనబడలేదు. ఎంత సంతోషం! అప్పుడే కాస్త సిగ్గు కూడా వేసింది. నేను చేసింది మరమ్మతా, కప్పిపుచ్చడమా?

మరమ్మతేనని మొదట నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇల్లు అలకడం నేల గుంటలు దాచడమా? ఇత్తడి గిన్నెకి కళాయి పోయించడం మోసమా? కళాయి లేకపోతే పులుసు చిలుమెక్కి విషమవుతుంది. కప్పినదల్లా అబద్ధం కాదు. కాపాడటానికీ కప్పుతారు, దాచటానికీ కప్పుతారు. పైనుంచి చూస్తే రెండూ ఒక్కలాగే నిగనిగలాడతాయి. తేడా అంతా కింద తుప్పు గీకారా లేదా అన్న దాంట్లోనే ఉంది.

నేను కారు తుప్పు గీకాను. ఆ సంగతి వరకు నిజాయితీపరుణ్ణే.

ఆదివారం అబ్బాయి వీడియోలో మాట్లాడాడు. కారు చూపించమన్నాడు. చుట్టూ తిప్పి చూపించాను. "మంచిగనే ఉన్నది గద బాపూ. రాత్రిళ్లు నడుపుతలెవ్వు గద? నువ్వేమంటలెవ్వంటె నడుపుతలేనట్టే" అని నవ్వాడు. నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

ముప్పై ఏళ్లు కోర్టు కచేరీలో గుమాస్తాగా చేసినవాణ్ణి. ఆ రాత్రి ఒక గుర్రం గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్టు చట్టంలో మోసమంటే ఏమిటో చెప్పేది 17వ సెక్షను. దాని కింద గుర్రం ఉదాహరణలున్నాయి. ఒకాయన లోపమున్న గుర్రాన్ని వేలంలో అమ్ముతూ, ఆ లోపం గురించి ఏమీ అనడు. అది మోసం కాదంటుంది చట్టం. కొనేవాడు చూసుకోవాలి. రెండో ఉదాహరణలో కొనేది ఆయన సొంత కూతురు, అప్పుడే మేజరైన పిల్ల. అక్కడ చట్టం స్వరం మారిపోతుంది. ఆ బంధుత్వమే ఆయన మీద చెప్పి తీరవలసిన బాధ్యత పెడుతుంది. మూడో ఉదాహరణలో కొనేవాడు, "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను" అంటాడు. అమ్మేవాడు నోరు మెదపడు. అక్కడ మౌనం మాటతో సమానం.

రెండో గుర్రం, మూడో గుర్రం రెండూ మా వాకిట్లోనే కట్టేసి ఉన్నాయి!

దూరదేశంలో ఉన్నవాడికి బెంగ ఎందుకు, చిన్న సంగతి దాస్తే పుణ్యమే కదా అంటారు. నేనూ అదే అనుకున్నాను. కాని తప్పించింది వాడి బెంగా, నాకు పడవలసిన చీవాట్లా? నిక్కచ్చిగా అడుక్కుంటే జవాబు తెలిసిపోయింది. పైగా నేను దాచింది మూడు చుక్కల్ని కాదు. మునిమాపు వేళ నా కళ్లకి దూరం ఆనడం లేదన్న సంగతిని. రేపు ఎదురుగా వచ్చేది కంకర రాయి కాక, సైకిలు మీద ఎవరి పిల్లాడో అయితే? దానికి ఏ సీసాలో రంగు దొరుకుతుంది?

మర్నాడు నేనే ఫోను చేశాను. చెప్పాను. అటునుంచి కాసేపు చప్పుడు లేదు. తరవాత, "కండ్ల డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పోతవ్?" అన్నాడు. తిట్టలేదు. ఇంకాసేపాగి వాడూ తన సంగతి ఒకటి చెప్పాడు. నాలుగు నెలలుగా "మంచిగున్న బాపూ" అంటూ దాచుకున్నది. అది వాడి సంగతి, ఇక్కడ రాయను. ఇద్దరం కలిసి చాలాసేపే గీకాం.

పాలిషు పెట్టిన మచ్చలు ఎదురుగా కనబడవు. ఏటవాలు ఎండలో మాత్రం కనబడతాయి. వెండి రంగులో సన్నటి లోహపు రేకులుంటాయి. మిషనుతో చల్లినప్పుడు అవి పడుకున్న తీరు వేరు, పుల్లతో పెడితే పడుకునే తీరు వేరు. ఎంత చేసినా పూర్తిగా కలవదు. కలవకపోతేనేం, కింద తుప్పు లేదు.

ఇప్పుడు పొద్దుగూకితే పక్కింటి అబ్బాయే నడుపుతాడు. నేను పక్క సీట్లో కూచుని, టిప్పరు కనబడ్డప్పుడల్లా వాడికి జాగ్రత్తలు చెబుతాను. "నాకు కనవడుతంది తాతా" అంటాడు వాడు.