సీటు పట్టుకున్న చెయ్యి

సంక్రాంతికి మా తమ్ముడు బెంగుళూరు నించి శాంతిపురం వస్తూ కారు డిక్కీలో ఒక వింత వాహనం వేసుకొచ్చాడు. చూడ్డానికి సైకిలే. రెండు చక్రాలున్నాయి, హ్యాండిలుంది, బుల్లి సీటుంది. పెడళ్ళు లేవు, చైను లేదు. సీటు కింద ఒక బ్యాటరీ, కుడిచేతి వైపు మోపెడ్డుకున్నట్టు తిప్పే పిడి. నాలుగేళ్ళ మా మేనల్లుడు దాని మీద కూర్చుని, రెండు కాళ్ళూ నేలకానించి, పిడి తిప్పి, "అత్తా, జరుగు!" అంటూ వాకిట్లోంచి వీధిలోకి దూసుకుపోయాడు. పెట్టిన ముగ్గు కాస్తా రెండు ముక్కలయింది.

"ఇదేందిమే! కాళ్ళు నేలకానినంక ఇంక పడేదెట్ల?" అంది మా అమ్మ.

ఆ బండిలోని కిటుకంతా ఆవిడ ఒక్క మాటలో చెప్పేసింది. సైకిలు నేర్చుకోవడమంటే రెండు విద్యలు: నిలదొక్కుకోవడం, తొక్కడం. మనం రెండూ ఒక్కసారే మీద వేసుకుని మోకాళ్ళు పగలగొట్టుకున్నాం. వీళ్ళు మొదటిది ముందు నేర్పుతారు. నిజానికి సైకిలు పుట్టిందే అలా. 1817 జూన్ 12న జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ అనే ఆయన పెడళ్ళు లేని చెక్కబండెక్కి, కాళ్ళతో నేలని తన్నుకుంటూ ఊరు దాటి వెళ్ళొచ్చాడు. పెడళ్ళు రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పైనే పట్టింది. 1990ల చివర ఆ జర్మనీలోనే మళ్ళీ పసిపిల్లల కోసం అలాంటి చెక్కబండి చేశారు. తర్వాత దానికి మోటారు తగిలించారు. పెద్ద పెద్ద మోటారు సైకిళ్ళు చేసే హార్లీ డేవిడ్సన్ వాళ్ళు 2019లో ఇలాంటి పిల్లబళ్ళ కంపెనీనే కొనేశారంటే, ఈ వ్యాపారం ఎంత ముద్దొచ్చిందో చూడండి.

చెప్పొద్దూ, నాకు మొదట ఒళ్ళు మండింది. పడకుండా నేర్చుకున్నదీ ఒక నేర్చుకోవడమేనా అని.

నాకు పదేళ్ళప్పుడు నాయన గంటకింత అని అద్దెకి సైకిలు తెచ్చి, కుప్పం పోయే రోడ్డు మీద నేర్పాడు. బారున్న మగవాళ్ళ సైకిలు. సీటు అందదు కనక బారు కింద నించి కాలు దూర్చి తొక్కాలి. నాయన వెనక పరిగెత్తుతూ, "పట్టుకునే ఉండా, నువ్వు తొక్కు" అనేవాడు. ఆ మాటే వినిపిస్తోంది కదా అని ధైర్యంగా తొక్కాను. గొంతెందుకో దూరమైనట్టనిపించి వెనక్కి తిరిగితే నాయన ఎక్కడో చింతచెట్టు దగ్గర నించుని నవ్వుతున్నాడు. అంతే, కంకర మీద పడ్డాను. మచ్చ ఇప్పటికీ ఉంది.

తర్వాత బి.ఏ.లో ఫిలాసఫీ చదివేటప్పుడు కాంట్ మహాశయుడు ప్రాణాపాయంలో కూడా అబద్ధమాడకూడదన్నాడని విని, నాయనే గుర్తొచ్చాడు. ఆ లెక్కన మా నాయన పాపి. కానీ సైకిలు నేర్పిన ప్రతి తండ్రీ ఆడిన అబద్ధమే కదా అది! నేర్చుకునే పిల్లకీ మనసులో ఎక్కడో తెలుసు, ఆ చెయ్యి ఎప్పుడో వదిలేస్తుందని.

ఈ కొత్త బండికి ఆ అబద్ధంతో పని లేదు. కాలు నేల మీదుంటుంది. ఎప్పుడు ఎత్తాలో పిల్లాడిష్టం. పడ్డం లేకపోతే ఏదో పోయినట్టు నాకెందుకు బాధ? ఆలోచిస్తే నవ్వొచ్చింది. "మేం కట్టెల పొయ్యి దగ్గర కళ్ళు పోగొట్టుకున్నాం, మీకు గ్యాసొచ్చింది" అని కోడళ్ళని దెప్పే అత్తగార్ల మాటకీ నా మాటకీ తేడా ఏముంది? పొగలో గొప్పేమీ లేదు, మోకాలి మచ్చలోనూ లేదు. మా వైపు మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, భయపడే మనసుకి చదువంటదని జీవితాంతం చెప్పాడు కూడానూ.

సరే, కాళ్ళతో నెట్టే బండికి ఒప్పుకున్నాను. మరి మోటారో?

సాయంత్రానికి ఛార్జి అయిపోయింది. మా వాడు దాని మీద కూర్చుని, "పని చెయ్యట్లేదు" అని ఏడుపు లంకించుకున్నాడు. పొద్దుట్నించీ దాని వెనకాలే పరిగెత్తుతున్న పాలావిడ మనవడు, ఐదేళ్ళుంటాయి, మెల్లిగా దగ్గరికొచ్చి, "ఒకసారి ఎక్కేదా?" అన్నాడు. ఎక్కి, కాళ్ళతో తన్నుకుంటూ వీధి చివరిదాకా పోయాడు. పల్లంలో రెండు కాళ్ళూ పైకెత్తి కేక పెట్టాడు. మావాడు ఏడుపు ఆపి చూశాడు. "దానికి ఛార్జి లేదు కదా!" అన్నాడు, ఏదో మోసం జరిగినట్టు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మలుపు దగ్గర పాలావిడ మనవడు తూలాడు. మావాడు పొద్దున అదే మలుపులో ఒళ్ళు వంచి చక్కగా తిరిగాడు. కాస్త వేగముంటే నిలదొక్కుకోవడం తేలిక, ఆ వేగం మోటారిచ్చింది. పడబోయే వైపుకే హ్యాండిలు తిప్పాలన్న తిరకాసు విద్య ఆ కుంకకి అప్పుడే ఒంటపట్టింది. మోటారు వాడికి నేర్పనిదల్లా ఒకటే, ముందుకి పోవడం తన కాళ్ళ పని కూడానని.

ఇంతా చెప్పడానికి నేనెవరిని? మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు సైకిలు మీంచి పడి గడ్డం చిట్లి రెండు కుట్లు పడ్డాయి. ఆ సాయంత్రమే సైకిలు అటకెక్కించాను. "తర్వాత నేర్చుకుందువులే" అన్నాను. ఆ తర్వాత రాలేదు. దానికిప్పుడు పంతొమ్మిది. కాలేజీకి షేర్ ఆటో కోసం నించుంటుంది, లేకపోతే స్నేహితురాళ్ళ స్కూటీ వెనక కూర్చుంటుంది. 1991 ప్రాంతంలో మన పక్కనే తమిళనాడు పుదుక్కోటలో అక్షరాలతో పాటు సైకిలూ నేర్చుకుని వేల మంది పల్లెటూరి ఆడవాళ్ళు రోడ్డెక్కారు. బారు మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని మగవాళ్ళ సైకిళ్ళే కొన్నవాళ్ళున్నారట. ఆ కథ నా నవలలో ఒక పాత్ర చేత గొప్పగా చెప్పించాను కూడా. ఇంట్లో సైకిలు మాత్రం అటక మీదే ఉంది. నాయన చెప్పింది నాలుగు క్షణాల అబద్ధం. నేను "పడతావే" అని పన్నెండేళ్ళు నిజమే చెప్పాను.

తమ్ముడు వాళ్ళు వెళ్ళిపోయిన మర్నాడు మా అమ్మాయి వసారాలో మూలనున్న తాత సైకిలు బయటికి లాగింది. "పెడళ్ళు ఊడదీసి సీటు కిందికి దించితే ఇదీ అదే కదమ్మా" అంది. కుడి పెడలు సులువుగానే వచ్చింది. ఎడమది ఎంత తిప్పినా రాలేదు. దాని మర వెనక్కి తిరుగుతుందట, సైకిలు షాపతను వచ్చి నవ్వుతూ ఊడదీసిచ్చాడు.

"నేను సీటు పట్టుకోనా?" అన్నాను.

"వద్దులే. కాళ్ళందుతున్నాయి" అంది.

ఒక అడుగు, ఇంకో అడుగు నెట్టుకుంటూ వీధిలోకి పోయింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక, గ్రీజు కారుతున్న ఆ రెండు పెడళ్ళూ పట్టుకుని నేను గడపలో నించున్నాను.