చట్టం ఇవ్వని హక్కు

1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మనుషులందరూ సమానులంది. దాన్ని రాసిన థామస్ జెఫర్సన్‌కు మాత్రం బానిసలుండేవారు. ఇది చూపించి, మనిషికి పుట్టుకతోనే ఉండే సహజ హక్కుల మాట వలస దొరల స్వప్రయోజనానికి వేసిన ముసుగని కొట్టిపారేసేవారున్నారు. నేను ఒప్పుకోను. ఆ మాటకు నిజమైన పరీక్ష జరిగింది అమెరికాలో కాదు, హైతీలో. అప్పట్లో సాన్ డొమింగ్ అనే ఆ ఫ్రెంచి వలసలో చెరకు తోటల బానిసలు 1791లో తిరగబడ్డారు. 1794లో పారిస్ చట్టసభ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1802లో నెపోలియన్ ప్రభుత్వం మరో ఫ్రెంచి వలస గ్వాడెలూప్‌లో దాన్ని మళ్లీ తెచ్చింది. అప్పటికే హైతీ గడ్డ మీద అతని సైన్యం దిగి ఉంది. పారిస్ ఇచ్చిన స్వేచ్ఛను పారిసే వెనక్కి తీసుకోగలదని అక్కడివారికి అర్థమైంది. 1804 జనవరి 1న ప్రకటించిన స్వాతంత్ర్యానికి మూలం ఈ గ్రహింపే.

చట్టానికి ముందు హక్కులనేవే లేవని ఆంగ్ల తత్వవేత్త జెరెమీ బెంథామ్ వాదించాడు. అదే నిజమైతే 1802లో జరిగింది అన్యాయమని అనడానికి ఆధారమే ఉండదు. ఒక చట్టం పోయి ఇంకొకటి వచ్చింది, అంతే. వలసలను వదులుకోమని ఫ్రాన్సుకు హితవు చెప్పినప్పుడు కూడా బెంథామ్ చాలావరకు లాభనష్టాల లెక్కే చూపించాడు. ఆ లెక్క తిరగబడితే ఏమిటి గతి? బాగా పాలించే దొర దొరికితే స్వాతంత్ర్యం అక్కర్లేదనాల్సి వస్తుంది. 1930 జనవరి 26న మనవాళ్లు చదివిన పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ ముందు హక్కును చెప్పి, ఆ తర్వాతే బ్రిటిష్ పాలన చేసిన నాశనాన్ని చెప్పింది. ఆ వరస నాకు ఎంతో సబబుగా తోస్తుంది. స్వయంపాలనకు ఇంకా సిద్ధం కాలేదన్న సాకు చెల్లదని ఐక్యరాజ్యసమితి ఒప్పుకోవడానికి 1960 దాకా పట్టింది.

అయితే ఈ హక్కు మనిషిది. దేశానిది ఆ తర్వాతే. కాబట్టి స్వతంత్ర ప్రభుత్వం కూడా దానికి జవాబు చెప్పుకోవాలి. బానిసత్వం పోయాక కూడా కూలీలను తోటలకు కట్టేసిన హైతీ పాలకులకు ఇందులో మినహాయింపు లేదు.

ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది: 1789 ఫ్రెంచి ప్రకటనలో ఆస్తి కూడా సహజ హక్కే కదా? దాన్ని పట్టుకునే తోటల యజమానులు పరిహారం అడిగారు. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి, గుర్తింపు కావాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టమని హైతీని బెదిరించింది. కానీ ఆస్తి హక్కుకు సమర్థనగా ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ చూపింది మనిషికి తన ఒంటి మీదా, తన కష్టం మీదా ఉన్న అధికారాన్నే. ఆ అధికారాన్ని లాగేసుకుని సంపాదించినదాన్ని అదే సిద్ధాంతం కింద ఆస్తి అనడానికి వీల్లేదు. ఆ లెక్కన పరిహారం రావాల్సింది తోటల్లో చెమటోడ్చినవారికి.