పక్కనామె ఓడిపోవాలనుకోవడం పాపమా?

కర్మయోగం మీద వీడియో పెట్టిన మర్నాడు ఊరి నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. మాది నందవరం. పేరు చెప్పగానే "చౌడేశ్వరి అమ్మవారి నందవరమా?" అంటారు. అది బనగానపల్లె దగ్గరిది. మాది ఎమ్మిగనూరు పక్కది.

చెల్లెలు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్లు పరుగెత్తాలి కాబట్టి రోజూ తెల్లారకముందే రోడ్డెక్కుతుంది. తోడుగా ఊళ్లోదే ఇంకో అమ్మాయి. ఇద్దరూ అదే ఉద్యోగానికి.

"అక్కా, ఫలితం ఆశించొద్దని వీడియోలో చెప్తివి. నాకైతే ఆమె కాలు పట్టేస్తే బాగుండు అనిపిస్తాది. దేవుడు తప్పు పడతాడా?"

ఒక శ్లోకం చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ ఇంట్లో ఆ ఉద్యోగం అంటే ఏమిటో నాకు తెలుసు. ఆలోచించి చెప్తానన్నాను.

నాకు గుర్తొచ్చింది పారిస్ ఒలింపిక్స్ మహిళల మారథాన్. 2024 ఆగస్టు 11. నలభై రెండు కిలోమీటర్లు దాటాక కూడా ఇద్దరు పక్కపక్కనే ఉన్నారు. ఒకరు ఇథియోపియా రన్నర్ టిగ్‌స్ట్ అసెఫా. ఇంకొకరు నెదర్లాండ్స్ తరఫున పరుగెత్తిన సిఫాన్ హసన్. ఆమె కూడా ఇథియోపియాలో పుట్టి, శరణార్థిగా నెదర్లాండ్స్ చేరిన మనిషే. రెండు రోజుల ముందే 10,000 మీటర్లు పరుగెత్తి కాంస్యం తెచ్చుకుంది. చివర్లో హసన్ లోపలి వైపు నుంచి దూరబోయింది, అసెఫా అడ్డం వచ్చింది, మోచేతులు తగిలాయి. హసన్ ముందుకు దూకి 2 గంటల 22 నిమిషాల 55 సెకన్లకు గీత దాటింది. అసెఫా మూడు సెకన్లు వెనక. ఇథియోపియా ఫిర్యాదు చేసింది, దాన్ని తోసిపుచ్చారు.

ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. అక్కడ 'గెలవకపోయినా ఫరవాలేదు' అనుకునే మనిషి ఒక్కరూ లేరు. అనుకుని ఉంటే ఆ పరుగే లేదు.

ఇప్పుడు గీత దగ్గరికి వద్దాం. అందరం రెండో అధ్యాయంలోని ఒక్క శ్లోకమే పట్టుకుంటాం. మూడో అధ్యాయం 30వ శ్లోకం దాకా వెళ్లండి. యుద్ధం మానేయమని కృష్ణుడు అనలేదు. నీరసంగా చేయమని అసలే అనలేదు. జ్వరం లేకుండా చేయమన్నాడు. అక్కడి మాట 'విగతజ్వరః'. శంకరాచార్యులవారు ఆ జ్వరానికి సంతాపం, శోకం అని అర్థం చెప్పారు. లోపల కాల్చేది అన్నమాట.

మరి గెలవాలన్న కోరిక జ్వరమా? నా మట్టుకు నాకు కాదనే అనిపిస్తుంది. పెద్దలు ఒప్పుకోకపోవచ్చు. పక్కమనిషి పడిపోతే నాకు హాయి అనిపించడం మాత్రం జ్వరమే. రెండూ ఒకే గుండెలో, ఒకే నిమిషంలో ఉంటాయి. అందుకే విడదీయడం అంత కష్టం.

పారిస్ ఫలితాల్లో ఒక అంకె చూడండి. అంతకుముందు ఒలింపిక్ రికార్డు 2012 లండన్‌లో టికి గెలానా పెట్టిన 2:23:07. అసెఫా టైం 2:22:58. అంటే ఓడిపోయినామె కూడా పాత రికార్డు దాటేసింది! పక్కన ఇంకొకరు లేకుండా వాళ్లిద్దరిలో ఎవరికైనా ఆ టైం వచ్చేదా? అదే మూడో అధ్యాయంలో దేవతలూ మనుషులూ ఒకరినొకరు పోషించుకోవాలని ఉంది. యజ్ఞం గురించి చెప్పిన మాట అది. పోటీకి కూడా పనికొస్తుందని నా ఊహ.

జ్వరం ముదిరితే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. కెన్యాకు చెందిన రూత్ చెప్‌న్గెటిచ్ 2024 అక్టోబర్‌లో షికాగోలో 2:09:56కి మారథాన్ పూర్తి చేసింది. 2 గంటల 10 నిమిషాల లోపు పరుగెత్తిన మొదటి మహిళ. 2025 మార్చిలో తీసుకున్న శాంపిల్‌లో నిషేధించిన మందు బయటపడి, మూడేళ్ల నిషేధం పడింది. షికాగో పరుగు అంతకుముందుది కాబట్టి రికార్డు ఆమె పేరునే ఉండిపోయింది. ఆమె మనసులో ఏముందో నాకు తెలీదు, తీర్పు చెప్పడం నా పని కాదు. కానీ ఇప్పుడు ఆ అంకె చూసి సంతోషపడటం నావల్ల కావట్లేదు.

పోయిన శ్రావణంలో చెల్లెలూ నేనూ ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి నడిచి వెళ్లాం. ఆ దారిలో ముందు చేరినవాళ్లకూ వెనక చేరినవాళ్లకూ దర్శనం ఒక్కటే. ఉద్యోగాల లిస్టు అట్లా ఉండదు. కింద పేరు లేనివాళ్లు ఇంటికి రావాల్సిందే. ఆ తేడా దాచిపెట్టి ఆమెకు వేదాంతం చెప్పడం నాకు నచ్చలేదు.

ఫోన్ చేసి ఇట్లా చెప్పాను: "గెలవాలని గట్టిగా అనుకో. దేవుడి ముందు కూడా అదే చెప్పు, అబద్ధం ఆడొద్దు. ఆ కాలు పట్టేయాలన్న మాట వచ్చినప్పుడు మాత్రం, వచ్చిందని గుర్తుపట్టు."

"నిజంగా పట్టేస్తే? పరీక్ష రోజు?"

"పరుగెత్తు. ఆగొద్దు. అది పాపం కాదు. అయిపోయినాక వెనక్కి పోయి ఆమె దగ్గర కూర్చో."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "రెండు రోజుల నుంచి ఆమె పత్తి తీసేకి పోతాందక్కా, పరుగుకు రావట్లేదు. ఒక్కదాన్నే పరుగెత్తితే నాకు టైమే రావట్లేదు."