విషం ఎవరి గుణం?

1793 జూన్‌లో కెప్టెన్ వాంకోవర్ నావికులు కొందరు, ఇప్పటి బ్రిటిష్ కొలంబియా తీరంలో ఆల్చిప్పలు తిని జబ్బుపడ్డారు. జాన్ కార్టర్ అనే అతను కొన్ని గంటల్లోనే చనిపోయాడు. ఆల్చిప్పల్లో అలాంటి విషం చేరేది డైనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ జీవుల నుంచి. దయామయుడి సృష్టిలో ఇవెందుకన్న ప్రశ్న పాతదే. జవాబు వెతికేముందు ఆ ప్రాణిని మైక్రోస్కోపు కింద చూడటం న్యాయం.

అలాంటి డైనోఫ్లాజెల్లేట్లలో ఒకటైన అలెగ్జాండ్రియం కణం వెడల్పు మిల్లీమీటరులో దాదాపు 30వ వంతు. తగిన రంగు వేసి అతినీలలోహిత కాంతిలో చూస్తే సెల్యులోజ్ పలకలు, వాటి అతుకులు నీలంగా వెలుగుతాయి. నడుము చుట్టూ గాడి, అందులో అలలాడే ఒక కశాభం, వెనక్కి సాగే మరొకటి. విభజన సమయం కాకపోయినా క్రోమోజోములు బిగుసుకునే ఉంటాయి. కోరా లేదు, ముల్లూ లేదు. ఒక పలక మీద చిన్న రంధ్రం ఉందా లేదా అన్నంత సూక్ష్మంగా చూసి జాతిని తేలుస్తారు గానీ, అంత చూసినా కణం విషపుదో కాదో చెప్పలేరు. అలెగ్జాండ్రియం మినుటమ్‌లో విషం తయారుచేసే వంశాలూ ఉన్నాయి, చేయనివీ ఉన్నాయి. ఇక ఆ విషం, సాక్సిటాక్సిన్, నరాల్లో సోడియం అయాన్ల దారిని మూసేస్తుంది. శ్వాస కండరాలు చచ్చుబడతాయి. అయితే ఈ కణాలు తరచూ పెచ్చరిల్లే అట్లాంటిక్ తీరాల్లో ఒక రకం క్లామ్‌లకు ఆ దారిలో ఒకే ఒక్క అమినో ఆమ్లం మారింది, అవి దాన్ని తట్టుకుంటున్నాయి. అంటే అణువు ఒకటే, విషమయ్యేది తాకిన ఒంటిని బట్టి.

ఇది మాటల గారడీ అనవచ్చు. తనను మేసే కోపీపాడ్‌లనే చిన్న నీటిజీవుల రసాయన జాడ నీటిలో తగిలితే అలెగ్జాండ్రియం విషం పెంచుతుందని ప్రయోగాల్లో తేలింది కదా? నిజమే, ఆత్మరక్షణ ఉంది. కానీ నావికుడు దాని లెక్కలోనే లేడు. అంతకన్నా బలమైన ఆక్షేపణ, ఈ సంబంధాలను అల్లినవాడూ దేవుడే కదా అన్నది. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం దీన్ని నేరుగా ఎదుర్కొంటుంది. శంకరులు అక్కడ ఈశ్వరుణ్ణి వానతో పోల్చారు: వాన అన్నిటికీ ఒకటే, వరి మొలిచినా యవలు మొలిచినా తేడా విత్తనానిది. పోలికలో వాన వరకూ నాకు అభ్యంతరం లేదు. విత్తనమంటే పూర్వకర్మ అన్నచోటే చిక్కు. కార్టర్ తోటివారు కోలుకోవడమే కర్మకు సాక్ష్యమని వాదించవచ్చు గానీ, తిన్న మోతాదులో తేడా కూడా ఆ పని అంతే తేలిగ్గా చేస్తుంది. కాబట్టి నా వాదన కణాన్ని నిర్దోషిగా తేలుస్తుంది, ఈశ్వరుణ్ణి తేల్చదు. దుష్టప్రాణిని ఎందుకు పుట్టించాడన్న ప్రశ్న పోయి, ఒకరి కవచం ముక్కూమొహం తెలియని మరొకరికి మృత్యువయ్యేలా లోకాన్ని ఎందుకు కూర్చాడన్నది మిగిలింది. ఇది మొదటిదానికంటే కష్టమైనది, కర్మ సిద్ధాంతం ఇచ్చే సమాధానం దీనికి నాకు చాలదు.